సొంత విషాద పియానో బాణీని శ్రోతలకు వినిపించడం, వారి మాట రాబట్టడం: సమగ్ర మార్గదర్శి

పియానో మీద విషాద బాణీ కట్టి నలుగురికి వినిపించినవారికి సాధారణంగా దక్కేవి రెండే మాటలు: ‘చాలా బాగుంది’, ‘మనసు బరువెక్కింది’. రెండూ సంతోషం కలిగించేవే. కానీ తొమ్మిదో బార్‌లో (స్వరలిపిలో తాళం ఒక ఆవృత్తి పూర్తయ్యే గడిని బార్ అంటారు) ఎడమ చేయి ఎందుకు తేలిపోతోందో, ముగింపు రెండుసార్లు వచ్చినట్టు ఎందుకుందో ఆ మాటల వల్ల తెలియదు. నిజానికి శ్రోతల చెవి ఆ లోపాలను పట్టుకునే ఉంటుంది. మనం అడిగే తీరు వల్ల అవి బయటికి రావు.

అందుకే ఈ మార్గదర్శికి మూలసూత్రం ఒకటే. బాణీ విషాదంగా ఉంటుందని వినకముందే శ్రోతకు చెప్పకూడదు. విన్నాక ‘నచ్చిందా’ అని అడగకూడదు. మిగిలిన అంచెలన్నీ దీనికి లోబడినవే. రెండు చేతులతో పియానో గానీ కీబోర్డు గానీ వాయించగలిగి, రెండు మూడు నిమిషాల సొంత బాణీ ఒకటి సిద్ధంగా ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను.

మొదటి అంచె: బరువు ఎక్కడుందో ముందు మీరే గుర్తించండి

మైనర్ స్కేల్ తీసుకుని నెమ్మదిగా వాయిస్తే విషాదం దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా రాదు. ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సతీ 1888లో రాసిన మొదటి ‘జిమ్నొపెదీ’ డి మేజర్‌లో ఉంది. అయినా దాని పైన ఆయన పెట్టిన సూచన ‘నెమ్మదిగా, బాధతో’ అని. వినేవారికీ అదే తోస్తుంది. స్కేల్ పేరుతో సరిపెట్టుకోకుండా, బాణీలో ఏ స్వరం ఏ స్వరం మీద వాలుతోందో చూడాలి.

పోలిష్ స్వరకర్త షోపాన్ రాసిన ఇ మైనర్ ప్రెల్యూడ్ అనే చిన్న రచన దీనికి మంచి పాఠం. 1839లో అచ్చయిన ఆ రచన మొత్తం 25 బార్లే. 1849లో పారిస్‌లోని మదలెన్ చర్చిలో జరిగిన ఆయన అంత్యక్రియల్లో దాన్ని ఆర్గన్ మీద వాయించారు. మొదటి బార్లలో కుడి చేయి చేసే పని చాలా తక్కువ. బి మీద నిలబడుతుంది, సి ని ఒక్క క్షణం తాకి మళ్లీ బి మీదికి దిగుతుంది. ఇ ని షడ్జమం అనుకుంటే అది శుద్ధ ధైవతం నుంచి పంచమానికి దిగడం. కింద ఎడమ చేతి కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఒక్కో అర స్వరం, అంటే పక్క మెట్టు దూరం, చొప్పున జారుతూ ఉంటాయి. పైన స్వరం మారదు, దాని కింద నేల మారిపోతుంటుంది. రచన మొత్తంలో గొంతెత్తేది ఒకే ఒక్కసారి, సగం దాటాక. చివర 23వ బార్‌లో ఒక నిశ్శబ్దం, ఆపైన మూడే కార్డులు.

ఆ ‘ధ–ప’ దిగుడుకు అంత శక్తి ఎక్కడిది? కింద మోగుతున్న కార్డుకు చెందని స్వరం ఒకటి వినిపించి, తన చోటికి దిగుతుంది. అలాంటి స్వరం బలమైన తాళపు దెబ్బ మీద పడి ఆలస్యంగా తన చోటికి చేరితే పాశ్చాత్య సంగీతంలో దాన్ని అపోజియాచురా అంటారు. బ్రిటిష్ మనస్తత్వవేత్త జాన్ స్లొబోడా 1991లో ప్రచురించిన పరిశోధనలో, సంగీతం వింటూ కంటతడి పెట్టామని చెప్పినవారు చూపిన చోట్లలో ఈ రకం స్వరాలు ప్రముఖంగా కనిపించాయి.

ఇక మీ బాణీ సంగతి. ఉదాహరణకు ఇ మైనర్‌లో 32 బార్ల బాణీ ఉందనుకోండి. నిమిషానికి 63 తాళపు దెబ్బల నడక. ఎడమ చేయి ఇ, డి, సి, బి అంటూ, అంటే స, ని, ధ, ప అంటూ మెట్టు మెట్టుగా దిగుతుంది. కాగితం తీసుకుని బార్ల సంఖ్య వేసి మూడు విషయాలు రాసుకోండి. బరువు అత్యధికంగా ఉండాల్సిన చోటు ఏది? ఊపిరి పీల్చుకోవాల్సిన చోటు ఏది? బాణీ ముగిసిందని శ్రోతకు ఏ బార్‌లో తెలియాలి? ఈ కాగితం ఎవరికీ చూపించకండి. శ్రోతలు చెప్పినదాన్ని తర్వాత దీనితో పోల్చాలి. ఇది లేకపోతే ఎవరు ఏది చెప్పినా నిజమేననిపిస్తుంది, బాణీ పదిమంది చేతుల్లో పడి చెదిరిపోతుంది.

రెండో అంచె: తెలియకుండా వచ్చిన పోలికలు చూసుకోండి

హార్మోనిక్ మైనర్ అంటే మన కీరవాణి, సహజ మైనర్ అంటే నఠభైరవి. ఈ రెండు మేళాల్లో తెలుగు శ్రోత చిన్నప్పటి నుంచి విన్న పాటలకు లెక్కలేదు. కాబట్టి మీ చేతివేళ్లు తెలిసిన దారిలోకే వెళ్లే అవకాశం చాలా ఎక్కువ. పేరున్నవారికీ ఇది జరిగింది. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ 1970లో విడుదల చేసిన ఒక పాట అంతకుముందు వచ్చిన మరో పాటను అనుకోకుండానే అనుకరించిందని 1976లో అమెరికా కోర్టు తేల్చింది. ఉద్దేశం లేకపోయినా బాధ్యత తప్పలేదు.

చేయాల్సిన పని సులువే. మీ బాణీలోని మొదటి నాలుగు బార్లను ఎడమ చేయి లేకుండా, నడక పెంచి, నోటితో కూనిరాగం తీయండి. వేగం పెరిగితే దాగి ఉన్న పాట పైకి తేలుతుంది. ఇంట్లో పాటలు బాగా వినేవారి ముందు కూడా ఇలాగే పాడి, ‘ఇది ఎక్కడైనా విన్నారా’ అని అడగండి. పోలిక రాగం వరకే ఉంటే భయం లేదు, రాగం ఎవరి సొత్తూ కాదు. స్వరాల వరుస, నడక రెండూ కలిసి ఏకబిగిన కొన్ని బార్లు సరిపోతుంటే మాత్రం ఆ భాగాన్ని మళ్లీ కట్టండి.

మూడో అంచె: రికార్డింగు

విషాద బాణీకి ప్రాణం స్వరం ఆరిపోయే తీరులో ఉంటుంది. సుత్తి తీగను తాకిన క్షణం కంటే, ఆ తర్వాత ధ్వని సన్నగిల్లే నాలుగైదు సెకన్లు ముఖ్యం. ఫోన్ రికార్డింగులు దెబ్బతీసేది సరిగ్గా అక్కడే. చాలా ఫోన్లలో మాటల కోసం తయారుచేసిన శబ్ద నివారణ ఉంటుంది. అది సాగుతున్న పియానో ధ్వని తోకను గది హోరు అనుకుని కత్తిరిస్తుంది. లేదంటే ధ్వని తగ్గినప్పుడల్లా తనంతట తాను స్థాయి పెంచుతుంది. అప్పుడు ఫ్యాను చప్పుడు ఉబ్బి, పియానో ఆరిపోవడమనేదే వినిపించదు. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో ఈ రెండూ ఆపేసే వీలుందో లేదో ముందు చూడండి. ఆ వీలు లేకపోతే వేరే యాప్ వాడండి.

చెక్క పియానో అయితే ఫోన్‌ను దాని మీద పెట్టకండి. పెడల్ తొక్కుడు, మెట్ల అదురు అన్నీ చెక్క గుండా పాకి మైకులోకి వస్తాయి. ఒకటిన్నర మీటర్ల దూరంలో, పై మూత ఎత్తుకు స్టాండు మీద ఉంచండి. ఫ్యాను, ఏసీ ఆపాలి. కిటికీలకు మందపాటి తెరలు వేస్తే గది ప్రతిధ్వని తగ్గుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తేమకు సౌండ్‌బోర్డు ఉబ్బి శ్రుతి కదులుతుంది, కాబట్టి ఎప్పుడో చేయించిన ట్యూనింగ్‌ను నమ్ముకోవద్దు. నెమ్మది బాణీలో ప్రతి స్వరమూ విడిగా నిలబడి వినిపిస్తుంది, అపశ్రుతి దాక్కోవడానికి చోటుండదు.

డిజిటల్ పియానో ఉన్నవారికి శ్రమ తక్కువ. చాలా నమూనాల్లో నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి వేవ్ ఫైల్‌గా రికార్డు చేసే సదుపాయం ఉంటుంది. లేకపోతే లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా కంప్యూటర్‌లోకి తీసుకుని, ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించవచ్చు. 24 బిట్, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ సరిపోతుంది. అత్యంత బిగ్గరైన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. మొదట్లో కొన్ని సెకన్ల నిశ్శబ్దం వదలండి. చివరి కార్డు పూర్తిగా ఆరిపోయేదాకా పెడల్ మీద నుంచి కాలు తీయకండి, కుర్చీలో కదలకండి.

ఒకే రోజు వరుసగా ఎన్నో సార్లు రికార్డు చేస్తే చివరివి సాఫీగా ఉంటాయి గానీ వాటిలో ఉద్వేగం చప్పబడుతుంది. చిన్న తడబాటు ఉన్నా మొదట్లో వాయించినది ఒకటి దాచి ఉంచండి. వినిపించాల్సింది అదే కావచ్చు.

నాలుగో అంచె: మీ హక్కు

దీనికి ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సంగీత రచన మీద హక్కు రచనతోనే వస్తుంది, నమోదు తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. వివాదం వస్తే నమోదు సాక్ష్యంగా పనికొస్తుంది గనుక, సినిమాకో ప్రకటనకో ఇచ్చే ఆలోచన ఉన్నవారు కాపీరైట్ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. మిగిలినవారు మ్యూజ్‌స్కోర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్వరలిపి రాసి, రికార్డింగుతో కలిపి తేదీతో సహా మీకే ఒక ఈమెయిల్ పంపుకుంటే ప్రస్తుతానికి చాలు.

అయిదో అంచె: పేరు, పరిచయం

‘కన్నీటి వీడ్కోలు’ అని పేరు పెట్టి, వర్షం పడుతున్న కిటికీ బొమ్మ జోడించి, ‘నాన్నగారు పోయాక రాసుకున్నది’ అని ఒక వాక్యం చేర్చి పంపితే, ఏ మనిషీ అందులో లోపం చెప్పలేడు. చెప్పడం క్రూరత్వం అనిపిస్తుంది. అతడు విన్నది కూడా మీ బాణీని కాదు, మీ దుఃఖాన్ని. ఆ దుఃఖం నిజమైనదే, దానికి గౌరవం దక్కాల్సిందే. అయితే అభిప్రాయం కోరుతున్న దశలో అది బాణీకి అడ్డుగా నిలుస్తుంది. కాబట్టి ఫైలుకు ‘ఇ మైనర్, మొదటి ప్రతి’ లాంటి పొడి పేరు పెట్టండి. అసలు పేరు, నేపథ్యం బహిరంగంగా విడుదల చేసే రోజుకు ఉంచుకోండి.

ఆరో అంచె: ఎవరికి, ఎలా పంపాలి

అయిదారుగురు చాలు, కానీ వాళ్లు ఒకే రకం వాళ్లు కాకూడదు. పియానో వాయించేవారు ఒకరు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారు ఒకరు. సంగీతం నేర్చుకోకపోయినా రోజూ పాటలు వినే పెద్దలు ఒకరు. మిమ్మల్ని ఏమాత్రం తెలియనివారు ఒకరు. స్నేహితుల స్నేహితుల్లో దొరుకుతారు. అమ్మానాన్నలకు వినిపించండి, సంతోషిస్తారు. వారి మాటను మాత్రం లెక్కలో వేయకండి.

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే ధ్వని బాగా కుదించుకుపోతుంది. అదే ఫైలును డాక్యుమెంట్‌గా జతచేస్తే ఉన్నదున్నట్టు చేరుతుంది. సౌండ్‌క్లౌడ్‌లో ప్రైవేట్ లింకు ఇస్తే ఇంకో సౌకర్యం ఉంది: వినేవారు ఏ సెకను దగ్గర ఏమనిపించిందో అక్కడే రాయగలరు. కంప్యూటర్ అలవాటున్నవారికి అది పంపండి.

పంపే మాట పొట్టిగా, మర్యాదగా ఉండాలి. వయొలిన్ మాస్టారికి ఇలా రాయవచ్చు:

‘మాస్టారూ, నమస్కారం. పియానో మీద ఒక బాణీ కట్టాను, రెండు నిమిషాల పైచిలుకు ఉంటుంది. మీకు తీరిక ఉన్నప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి వినగలరా? ఇది ఇంకా పూర్తి కాలేదు, మార్చడానికి సిద్ధంగా ఉన్నాను. విన్నాక నేను ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగుతాను. వారం రోజుల్లో ఎప్పుడైనా సరే.’

‘ఇంకా పూర్తి కాలేదు’ అన్న వాక్యం ఇందులో కీలకం. పూర్తయిన పనిని మెచ్చుకోవడం మన మర్యాద. అసంపూర్తి పనిలో చేయి వేయడం కూడా మన మర్యాదే. ఆ వాక్యం శ్రోతను మొదటి మర్యాద నుంచి రెండోదానికి తీసుకొస్తుంది.

ఏడో అంచె: అడిగే తీరు

అమెరికా నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో కళాకారులు అభిప్రాయాలు స్వీకరించడానికి ఒక పద్ధతి రూపొందించారు. అందులో నాలుగు మెట్లు. మొదట, చూసినవారు తమకు అర్థవంతంగా తోచినదేమిటో చెబుతారు. తర్వాత కళాకారుడు ప్రశ్నలు అడుగుతాడు. ఆపైన చూసినవారు అభిప్రాయం కలపకుండా ప్రశ్నలు అడుగుతారు. చివరికి, అనుమతి తీసుకుని, అభిప్రాయం చెబుతారు. ఆమె దీన్ని నృత్యరంగంలో మొదలుపెట్టినా పియానో బాణీకి చక్కగా ఒదుగుతుంది. ఫోన్‌లో పావుగంటలో నాలుగు మెట్లూ దాటవచ్చు.

‘విన్నాక మీ మనసులో మిగిలినదేమిటి?’ అని మొదలుపెట్టండి. ఒక దృశ్యం, ఒక స్వరం, ఒక జ్ఞాపకం, ఏదైనా సరే. అవతలివారు మౌనంగా ఉంటే తొందరపడి నింపకండి. ఇక్కడ ‘దిగులుగా’ అన్న మాట వారి నోట దానంతట అదే వస్తే, మీ బాణీ తన పని తాను చేసిందన్నమాట. ‘ప్రశాంతంగా ఉంది, నిద్రపోయే ముందు వినొచ్చు’ అని వస్తే అది కూడా విలువైన సమాచారమే: ధైవతం మీద ఆగాల్సినంత సేపు ఆగడం లేదేమో చూడండి.

తర్వాత మీ ప్రశ్నలు. ‘వింటూ వింటూ ఎక్కడైనా ధ్యాస పక్కకు వెళ్లిందా? సుమారుగా ఎప్పుడు?’ ఈ ఒక్క ప్రశ్న మిగతా అన్నిటి కంటే ఎక్కువ పని చేస్తుంది. నచ్చలేదని చెప్పడానికి మొహమాటపడేవారు సైతం ధ్యాస మళ్లిందని చెప్పడానికి మొహమాటపడరు, తప్పు తమదే అనుకుంటారు గనుక. ‘ముగిసిందని మీకెప్పుడు తెలిసింది?’ అన్నది రెండో ప్రశ్న. మూడోది మీ కాగితం మీద మీకు సందేహం ఉన్న చోటు గురించి: ‘మధ్యలో గట్టిగా వాయించిన చోట మీకేమనిపించింది?’

అవతలివారు మాట్లాడుతున్నంతసేపు వివరణ ఇవ్వకండి. ‘అక్కడ కావాలనే అలా చేశాను’ అన్నారంటే ఆ మనిషి నోరు అంతటితో మూతపడుతుంది. వారు వాడిన మాటలు వాడినట్టే రాసుకోండి. ‘ఆగిపోయినట్టుంది’ అన్నది మీ పుస్తకంలో ‘టెంపో తగ్గింది’ అని మారితే అసలు సంగతి పోతుంది.

ఒక్కోసారి వినేవారు ఏడుస్తారు, లేదా తమ ఇంట్లో పోయినవారి గురించి చెప్పుకుంటారు. అప్పుడు ప్రశ్నలన్నీ పక్కన పెట్టేయండి. బార్ల సంఖ్య గురించి ఆ రోజు మాట్లాడనక్కర్లేదు. వినండి. మీ బాణీ విన్నందుకు వారు మిమ్మల్ని నమ్మి చెప్పిన మాట అది.

ఎనిమిదో అంచె: వచ్చిన మాటలను జల్లెడ పట్టడం

ఇద్దరు ముగ్గురు ఒకే చోట వేలు పెడితే ఆ చోటు నిజంగా బలహీనం. కారణం విషయంలో మాత్రం వారి మాట యథాతథంగా తీసుకోనక్కర్లేదు. మన 32 బార్ల బాణీకే వద్దాం. ఒకరు ‘సగం దాటాక సాగదీశారు’ అన్నారు. ఇంకొకరు ‘అక్కడ వయొలిన్ కూడా ఉంటే బాగుండేది’ అన్నారు. మూడోవారు ‘ఫోన్ చూసుకున్నాను’ అన్నారు. ముగ్గురూ చూపిన చోటు 17 నుంచి 24వ బార్ వరకు. వయొలిన్ చేర్చడమో, భాగం కోసేయడమో వెంటనే తోస్తుంది. స్వరలిపి చూస్తే అసలు కారణం తెలుస్తుంది: ఎడమ చేయి ‘స ని ధ ప’ దిగుడును నాలుగోసారి అచ్చం అలాగే వాయిస్తోంది. అక్కడ బేస్‌ను అర స్వరాల చొప్పున దింపితే, అంటే ఇ, డి షార్ప్, డి, సి షార్ప్, సి, బి అని నడిపిస్తే, కుడి చేతిలో ఒక్క స్వరం మార్చకుండానే కొత్త లోతు వస్తుంది. చోటు శ్రోత చూపించారు, వైద్యం మీరు చేశారు.

తెలుగు శ్రోతల నుంచి తరచూ వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. ‘దీనికి పాట రాయిస్తే బాగుంటుంది’ అంటారు. సాహిత్యంతో కలిపి సంగీతం వినే అలవాటు మనది, ఆ మాట మెచ్చుకోలుగానే తీసుకోవచ్చు. అయితే పల్లవిలా మళ్లీ మళ్లీ తిరిగొచ్చే వాక్యం వారికి దొరకలేదేమో కూడా ఆలోచించండి. మొదటి నాలుగు బార్లు చివర్లో ఒకసారి, ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కిందకు, మెత్తగా తిరిగొస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

సంగీతం నేర్చుకున్నవారు ‘గమకం లేదు, మెట్లు మెట్లుగా ఉంది’ అంటారు. వారి చెవి సరైనదే. పియానో తీగను లాగలేం, రెండు స్వరాల మధ్య జారలేం. కానీ పంచమం మీద పడే ముందు ధైవతాన్ని పొట్టిగా తాకించవచ్చు. ఒకే స్వరాన్ని మూడుసార్లు, ప్రతిసారీ ఇంకా మెత్తగా మోగించవచ్చు. పెడల్‌ను సగమే ఎత్తి పాత స్వరం నీడ కొత్త స్వరం మీద పడేలా చేయవచ్చు. గమకాన్ని అనుకరించబోయి పియానో తీరును పాడుచేసుకోవద్దు. దానికి ఉన్న బలం స్వరం పుట్టి, తనంతట తాను ఆరిపోవడం.

‘ఇంత దిగులు ఎందుకు, ఏదైనా హుషారైనది వాయించు’ అన్నవారికి నవ్వి ధన్యవాదాలు చెప్పండి. ఆ మాట బాణీ గురించి కాదు.

తొమ్మిదో అంచె: మార్చడం, మళ్లీ వినిపించడం, విడుదల

ఒక విడతలో ఒక్క మార్పే చేయండి. రెండు మూడు కలిపి చేస్తే ఏది పని చేసిందో తెలియదు. పాత రికార్డింగును చెరిపేయకండి, తేదీతో పక్కన పెట్టండి. కొత్తదాన్ని ఇద్దరికి పంపండి: మొదటి ప్రతి విన్న ఒకరికి, అసలేమీ వినని మరొకరికి. మొదటివారు మార్పు మంచిదో కాదో చెబుతారు. రెండోవారిని మళ్లీ అదే ప్రశ్న అడగండి, ధ్యాస ఎక్కడ మళ్లిందని. 17వ బార్ పేరు ఎత్తకుండా ఇంకేదో చెప్పారంటే పని ముందుకు కదిలినట్టే. రెండు విడతలు చాలు. అంతకు మించితే మీ చెవే మొద్దుబారుతుంది.

అందరి ముందు పెట్టే ప్రతికి ధ్వని స్థాయి విషయంలో జాగ్రత్త పడండి. యూట్యూబ్, స్పాటిఫై లాంటివి మరీ బిగ్గరగా ఉన్న పాటలను సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) స్థాయికి తగ్గించి వినిపిస్తాయి. అది చూసి ఒంటరి పియానో బాణీని కంప్రెసర్‌తో నలిపి బిగ్గరగా చేయడం నాకు సమ్మతం కాదు. మెత్తని చోటుకీ గట్టి చోటుకీ మధ్య దూరం తగ్గితే, షోపాన్ ఒక్కసారే గొంతెత్తిన ఆ కిటుకు మీ బాణీలో మిగలదు. మైనస్ 18 దగ్గర ఉన్నా నష్టం లేదు, వినేవారు వాల్యూమ్ పెంచుకుంటారు. అత్యధిక స్థాయి మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకుంటే చాలు.

దాచుకున్న పేరు, నేపథ్యం ఇప్పుడు రాయవచ్చు, రెండు మూడు వాక్యాల్లో. విడుదల చేసిన రోజే, మొదట విన్న అయిదారుగురికి విడివిడిగా కబురు పెట్టండి. ఎవరి మాట వల్ల ఏ బార్ మారిందో ఆ బార్ సంఖ్యతో సహా చెప్పండి. మీ తర్వాతి బాణీని వాళ్లు ఇంకా శ్రద్ధగా వింటారు.